నటుడు రాకున్నా తెర లేస్తుంది

పద్యనాటకాన్ని చిత్రీకరించారని తెలిసినప్పుడు అభిమాని కోరేది ఒక్కటే: తన అభిమాన నటుడే ఆ పాత్రలో కనిపించాలని. వేదికపై అటువంటి హామీ లేదు. రాగం తీయవలసిన నటుడికి గొంతు బొంగురుపోతే చాలు, ఆ రాత్రి పాత్రను మరొకరు ధరించవలసిందే.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’ ప్రదర్శనతో వనారస గోవిందరావు ప్రారంభించిన సురభి నాటక సమాజంలో ఇది సహజమైన ఏర్పాటు. అది కుటుంబ సమాజం. పిల్లలు బాలపాత్రలతో మొదలై, పెద్దల పద్యాలు వింటూ నేర్చుకుంటారు. అందువల్ల ఒకరు లేకపోయినా ప్రదర్శన సాగుతుంది.

కెమెరా మాత్రం ఆనాడు ఎదుట నిలిచిన వారినే భద్రపరుస్తుంది. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ఆధారంగా హెచ్‌.ఎం.రెడ్డి రూపొందించిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైంది. లీలావతిగా సురభి కమలాబాయి నటించారు. ఆ చిత్రం ప్రతి నేడు లభ్యం కాదు. సురభి ప్రదర్శనలు మాత్రం కొనసాగుతున్నాయి.

సూరత్ వంటి నగరాల్లో స్థిరపడిన తెలుగువారికి నాటక వేదిక దూరం, దృశ్యముద్రణే దగ్గర. ప్రదర్శన తేదీని, పాత్రధారుల పేర్లను ముందే ప్రకటించడం నిర్వాహకుల బాధ్యత. బదులు నిలిచిన నటుడిని తక్కువగా చూడకపోవడం ప్రేక్షకుల మర్యాద. నాటకాన్ని ఇంతకాలం నిలబెట్టినది అటువంటి వారే.