ట్రాక్టరు స్టార్టు కానప్పుడు లోపాన్ని గుర్తించే క్రమం

మృగశిర కార్తెలో తొలకరి పడిన వారంలోనే గ్రామాల్లోని మెకానిక్కుల వద్ద ట్రాక్టర్లు బారులు తీరుతాయి. రబీ నూర్పిళ్ల తరువాత చెట్టు కిందనో రేకుల షెడ్డులోనో నిలిపిన బండిని చాలామంది రెండు నెలలపాటు కదిలించరు. ఈలోగా రోహిణి ఎండలకు బ్యాటరీలోని నీరు తగ్గుతుంది, సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో చెమ్మ చేరుతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. దుక్కికి అదను వచ్చిన నాడు తాళం తిప్పితే ఇంజను పలకదు. వరి ప్రాంతాల్లో ఈ నష్టం ఇంకా ఎక్కువ. దమ్ము వారం వెనుకబడితే నారు ముదురుతుంది, ముదురు నారు నాటిన పొలంలో పిలకలు తగ్గుతాయి.

ఇలాంటప్పుడు సాధారణంగా జరిగేది ఒకటే. ఇంజను అందుకునే దాకా సెల్ఫ్ కొడుతూనే ఉంటారు. దీనివల్ల అసలు లోపం తొలగకపోగా బ్యాటరీ పూర్తిగా దిగిపోతుంది, సెల్ఫ్ మోటారు వేడెక్కి లోపలి చుట్లు కాలిపోతాయి. సెల్ఫ్ మోటారు కొద్ది క్షణాల పనికోసం తయారైనది. ఒక్కసారికి పది సెకన్లకు మించి తిప్పకుండా, మళ్లీ ప్రయత్నించే ముందు కనీసం అర నిమిషం విరామం ఇవ్వాలి.

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనాన్ని అంటిస్తుంది. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ లేదు. సిలిండరులోని గాలి దాదాపు పదహారు, పద్దెనిమిదో వంతుకు నొక్కుకుపోయి బాగా వేడెక్కుతుంది, ఆ వేడిలోకి నాజిల్ నుండి తుంపరగా పడిన డీజిల్ తనంతట తానే మండుతుంది. కాబట్టి ఇంజను తగిన వేగంతో తిరగడం, డీజిల్ సరైన సమయానికి అందడం, గాలి గట్టిగా నొక్కుకోవడం అనే మూడూ జరిగితే ఇంజను స్టార్టు కాక తప్పదు. వెదకవలసినది ఈ మూడింటిలో ఏది లోపించిందన్నదే. అందువల్ల పానా చేతబట్టక ముందు తేల్చుకోవలసిన మొదటి ప్రశ్న: తాళం తిప్పినప్పుడు ఇంజను తిరుగుతున్నదా, లేదా?

తిరగకపోతే లోపం చాలావరకు విద్యుత్తు వైపే ఉంటుంది. దానికి వెలుగు, చప్పుడు మంచి సాక్ష్యాలు. హెడ్‌లైట్లు వెలిగించి తాళం తిప్పాలి. లైట్లు పూర్తిగా ఆరిపోతే బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా దాని టెర్మినళ్లు వదులై ఉండాలి. టకటకమని వరుసగా చప్పుడు వచ్చినా అర్థం అదే. లైట్లు ఏమాత్రం తగ్గకుండా, చప్పుడు కూడా లేకుండా ఉంటే కరెంటు సెల్ఫ్ దాకా వెళ్లడం లేదని భావించాలి. అప్పుడు ఫ్యూజు, తాళం స్విచ్చి, సొలినాయిడ్‌కు వెళ్లే సన్నని వైరు చూడాలి. చాలా ట్రాక్టర్లలో గేరు న్యూట్రల్‌లో లేకపోయినా, క్లచ్ పూర్తిగా తొక్కకపోయినా కరెంటును ఆపే రక్షణ స్విచ్చి ఉంటుంది. గేరు లివరు ఒక్కసారి కదిపి చూడకుండానే మెకానిక్కును పిలిపించిన సందర్భాలు తక్కువేమీ కావు. ఒక్కసారి టక్కుమని ఆగి, లైట్లు బాగానే వెలుగుతుంటే సొలినాయిడ్ కాంటాక్టులు కాలిపోయాయేమో, మోటారులోని బ్రష్షులు అరిగిపోయాయేమో విప్పి చూడాలి.

బ్యాటరీని అనుమానించినప్పుడు కొత్తది కొనేముందు కొలిచి చూడడం మేలు. రాత్రంతా కదపకుండా ఉంచిన 12 వోల్టుల బ్యాటరీ పూర్తి చార్జింగుతో ఉంటే దాదాపు 12.6 వోల్టులు చూపుతుంది, 12.2 వద్ద సగం చార్జింగు మాత్రమే మిగిలినట్లు. హైడ్రోమీటరు ఇంకా నమ్మదగినది. ఆరు గదుల్లోని ద్రావకం సాంద్రత 1.260 నుండి 1.280 వరకు ఉంటే చార్జింగు నిండుగా ఉన్నట్లు, 1.200కు తగ్గితే చార్జింగు పెట్టవలసి ఉన్నట్లు. అయిదు గదులు సమానంగా ఉండి ఒక్కటి మాత్రం బాగా తగ్గితే ఆ గది పాడైనదని గ్రహించాలి. అటువంటి బ్యాటరీకి ఎన్నిసార్లు చార్జింగు పెట్టించినా ఆ ఖర్చు వృథా. ప్లేట్లు మునిగేటట్లు డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయాలి, బోరు నీరు పోయరాదు.

బ్యాటరీ బాగున్నా టెర్మినళ్లపై తెల్లగా, పచ్చగా పేరుకున్న పొక్కు కరెంటును అడ్డుకుంటుంది. దానిని వేడినీటితో కడిగి, గీకి, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయాలి. విప్పేటప్పుడు ముందు ఎర్తు తీగను తీయాలి. ముందు పాజిటివ్ విప్పబోతే పానా బండి ఇనుముకు తగిలి నిప్పులు లేస్తాయి, చార్జింగులో ఉన్న బ్యాటరీ వెలువరించే వాయువు ఆ నిప్పుకు పేలగలదు. ఎర్తు తీగ ఛాసిస్‌ను కలిసే చోటును మాత్రం దాదాపు ఎవరూ చూడరు. బురదలో తిరిగే బండికి తుప్పు మొదట పట్టేది అక్కడే.

ఇక్కడ ఒక ప్రమాదకరమైన అలవాటును ప్రస్తావించక తప్పదు. తాళం పనిచేయనప్పుడు స్క్రూడ్రైవరుతో సెల్ఫ్ మోటారు రెండు టెర్మినళ్లను కలిపి ఇంజను తిప్పడం గ్రామాల్లో పరిపాటి. ఆ పని చేసే మనిషి ముందు చక్రానికీ పెద్ద చక్రానికీ మధ్య నేలమీద నిలబడతాడు. ఈ చిట్కా రక్షణ స్విచ్చిని పూర్తిగా దాటవేస్తుంది. బండి గేరులో ఉంటే ఇంజను అందుకున్న మరుక్షణం ట్రాక్టరు కదులుతుంది, వెనుక చక్రం ఆ మనిషిపైకే వస్తుంది. తప్పించుకునే వ్యవధి ఉండదు. ఎంత అనుభవమున్నా ట్రాక్టరును సీటులో కూర్చుని మాత్రమే స్టార్టు చేయాలి.

ఇంజను చురుకుగా తిరుగుతూ కూడా అందుకోకపోతే సైలెన్సరు వైపు చూడాలి. పొగ బొత్తిగా లేకపోతే డీజిల్ సిలిండర్లకు చేరడం లేదు. తెల్లని పొగ వస్తుంటే డీజిల్ చేరుతున్నది గాని మండడం లేదు. డీజిల్‌లో నీరు, పంపు టైమింగు తప్పడం, కంప్రెషన్ తగ్గడం దీనికి కారణాలు. అందుకోబోయి నల్లని పొగతో ఆగిపోతే ఎయిర్ క్లీనరు మూసుకుపోయినదేమో చూడాలి.

డీజిల్ అందనప్పుడు సులువైనవి ముందు చూడాలి. ఇంజను ఆపే నాబ్ బయటకు లాగి ఉండిపోయినదా? ట్యాంకు కింది కాక్ తెరిచి ఉన్నదా? ట్యాంకు మూతలోని సన్నని రంధ్రం మట్టితో మూసుకుపోతే, ఇంజను స్టార్టయి కొద్దిసేపు నడిచి ఆగిపోతుంది. మూత వదులు చేయగానే మళ్లీ నడిస్తే లోపం దొరికినట్లే. ఫిల్టరు గిన్నె అడుగున నీరు చేరితే డీజిల్ కింద వేరు పొరగా కనబడుతుంది, దానిని వదిలివేయాలి.

డీజిల్ పూర్తిగా అయిపోయే దాకా నడిపినా, ఫిల్టరు మార్చినా గొట్టాల్లో గాలి చేరుతుంది. గాలి నొక్కుకుపోతుంది కనుక పంపు ఎంత నొక్కినా నాజిల్ తెరుచుకునే ఒత్తిడి పుట్టదు. గాలి తీయడానికి ట్యాంకు నుండి ఇంజను వైపుగా క్రమం పాటించాలి. మొదటి ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు చేతి మీటను బుడగలు లేని డీజిల్ వచ్చే దాకా నొక్కి బిగించాలి. తరువాత రెండో ఫిల్టరు, ఆపై డీజిల్ పంపు. గాలి తీసిన మర్నాడే మళ్లీ చేరితే ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఎక్కడో సందు ఉన్నట్లే. అక్కడ డీజిల్ బయటికి కారకపోవచ్చు గాని పంపు పీల్చినప్పుడు గాలి లోపలికి పోతుంది. మార్చవలసినది చాలాసార్లు ఒక వాషరు మాత్రమే.

నాజిల్ గొట్టాల నట్లు వదులు చేసి చూడవలసి వస్తే చేతిని దూరంగా ఉంచాలి. పాతరకం ఇంజన్లలోనే నాజిల్ వద్ద ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 200 కిలోల స్థాయిలో ఉంటుంది. ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంతే కనబడినా వెంటనే ఆసుపత్రికి చేర్చకపోతే వేలు, ఒక్కోసారి చేయి పోవచ్చు.

వరదలో మునిగిన బండి సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు, మున్నేరు పొంగినప్పటి వంటి పరిస్థితుల్లో నీట మునిగి తేలిన ట్రాక్టరుకు తాళం తిప్పడమే తప్పు. సిలిండరులో చేరిన నీరు గాలిలా నొక్కుకుపోదు. పిస్టను దానిని ఢీకొంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ముందు బ్యాటరీ తీగలు విప్పాలి. నాజిళ్లు తీయించి, ఇంజనును చేతితో తిప్పి నీరు వెళ్లగొట్టాలి. ఇంజను ఆయిలు, ఫిల్టర్లు, డీజిల్ మార్చాలి. ఆయిలు పాలవలె తెల్లబడి ఉంటే నీరు కలిసినట్లే.

2023 జనవరి నుండి 50 హార్సు పవరుకు మించిన కొత్త ట్రాక్టర్లకు కఠినమైన ఉద్గార నిబంధనలు వర్తిస్తున్నాయి. వాటి కారణంగా వచ్చిన కామన్ రైల్ ఇంజన్లకు పై పద్ధతులన్నీ వర్తించవు. రైలులో ఒత్తిడి పాత ఇంజన్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కనుక వాటి గొట్టాల నట్లను రైతు ముట్టరాదు. బ్యాటరీ, ఫ్యూజులు, డీజిల్ మట్టం, ఫిల్టరు గిన్నెలోని నీరు చూసుకుని, మీటరు మీద వెలిగిన హెచ్చరిక గుర్తును రాసుకుని సర్వీసు కేంద్రానికి చెప్పడం వరకే రైతు పని.