పప్పుజాతి పచ్చిమేతకు పాతర



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో వానలు పడినప్పుడు అలసంద, అనుము, ఉలవ పచ్చగా ఉంటాయి. పశువుకు తిన్నంత మేత. వేసవి వచ్చిందంటే ఒట్టి చొప్ప, శనక్కాయ కట్టె. అవీ అయిపోతే పాడి ఆవును సంతకు తోలవలసిందే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే పడే ఈ సీమలో ఇది అందరికీ తెలిసిన బాధే.

పచ్చిమేతను ఎండబెట్టి వామి వేయరాదా అంటారేమో. జొన్నకు అది సరే. అలసంద ఎండితే ఆకు రాలిపోతుంది. మాంసకృత్తులు ఎక్కువగా ఉన్నది ఆకులోనే. పైగా కోతవేళ ముసురు పడితే బూజు పడుతుంది. అందుకే పాతర, అనగా సైలేజి.

గాలి తగలని పాతరలో సూక్ష్మజీవులు మేతలోని చక్కెరను పులియబెడతాయి. ఆ పులుపే మేతను చెడకుండా కాపాడుతుంది. పప్పుజాతిలో చక్కెర తక్కువ. మాంసకృత్తులు పులుపును త్వరగా పెరగనివ్వవు. ఒట్టి అలసందను పాతర వేస్తే కుళ్ళేది అందుకే. ఫిన్లాండులో విర్టానెన్ అనే శాస్త్రజ్ఞుడు మేతకు ఆమ్లం కలిపి ఈ చిక్కు విప్పాడు. 1945లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మనకు ఆమ్లంతో పని లేదు. జొన్న, మొక్కజొన్నలలో కావలసినంత చక్కెర ఉంది.

అలసందను పూత, పిందె దశలోనూ, జొన్నను గింజ పాలుపోసుకున్నాకా కోయండి. కోసిన అలసందను ఒక పూట వాడనివ్వండి. ముక్కలను గుప్పిట పిండితే రసం కారకూడదు. చెయ్యి తడైతే చాలు. అంగుళం ముక్కలుగా కత్తిరించి, మూడు పాళ్ళు జొన్నకు ఒక పాలు అలసంద కలపండి. అలసంద ఎక్కువైతే 100 కిలోలకు 2, 3 కిలోల బెల్లం నీళ్ళలో కరిగించి చల్లండి.

రెండు ఆవులకు రోజుకు 15 కిలోల చొప్పున 90 రోజులకు 2,700 కిలోలు కావాలి. ఘనపుటడుగుకు 15 కిలోల లెక్కన 9 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు గుంత సరిపోతుంది. నీరు నిలవని మెరకలో తవ్వి, లోపల పాలిథిన్ పట్టా పరచండి. పొర పొరకూ గట్టిగా తొక్కండి. గాలి మిగిలితే పాతర చెడినట్లే! మేతను నేలకు పైగా గుట్టగా పోసి, పట్టా కప్పి, అడుగు మందాన మన్ను వేయండి.

45 రోజులకు ఒక పక్కనే తెరవండి. లేత పసుపుపచ్చ రంగు, కమ్మని పులుపు వాసన ఉంటే మంచిది. నల్లబడినా, బూజు పట్టినా, కంపు కొట్టినా పశువుకు పెట్టవద్దు. ఏ రోజుకారోజు తీసి, వెంటనే కప్పేయండి. పాలు పితికిన తరువాతే మేపండి; లేకుంటే పాలకు వాసన పడుతుంది.

విస్తరణ కార్యకర్తలు ఊరికొక గుంత వేయించి, వేసవిలో పదిమంది ఎదుట తెరిపించండి. మాటకంటే ఆ మేత తినే ఆవే రైతుకు నమ్మకం కలిగిస్తుంది.