ఆర్నెల్ల ఉద్యోగికి ఇల్లేదీ?

విజయనగరం కంటోన్మెంటులోనో, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ వెనక వీధుల్లోనో టూలెట్ బోర్డు చూసి గేటు తడితే మొదట వినబడే మాట ‘ఫ్యామిలీయేనా?’ ఒంటరి కుర్రాడని తెలిస్తే చాలామంది అక్కడితోనే గేటు వేసేస్తారు. కాస్త దయగల ఓనరు దొరికినా పదకొండు నెలల అగ్రిమెంటు, అడ్వాన్సు, నాలుగు గోడల ఖాళీ గది. మంచం, పరుపు, గ్యాస్ పొయ్యి, బకెట్టుతో సహా అన్నీ కొనుక్కోవాలి. ఆర్నెల్లకే బదిలీ అయితే అవన్నీ వచ్చిన ధరకు అమ్ముకుని పోవాలి.

ఈ తిప్పలు చూసే కో-లివింగ్ వ్యాపారం పుట్టింది. మంచం, బీరువా, వైఫై, వాషింగ్ మెషీన్, గది ఊడ్చే మనిషి అన్నిటికీ కలిపి నెలకు ఒకటే బిల్లు. పడక ఎవరిది వాళ్ళది, వంటగది, హాలు అందరివీ. ముందుగా నోటీసిచ్చి ఖాళీ చేయొచ్చు. 2015లో బెంగళూరులో మొదలైన జోలో, 2017లో ఢిల్లీలో మొదలైన స్టాన్జా లివింగ్ లాంటి కంపెనీలు ఈ పద్ధతిని హైదరాబాద్ దాకా తెచ్చాయి.

నిజానికి డబ్బిచ్చి పరాయి ఇంట్లో తిని బతకడం విజయనగరానికి కొత్తేమీ కాదు. ‘కన్యాశుల్కం’ తెర లేవగానే గిరీశం బెంగ పూటకూళ్ళమ్మ గురించే. సంతలో సామాన్లు తెస్తానని ఆవిడ దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్ళి ఖర్చుపెట్టేశాడు మరి! డబ్బు లేనివాళ్ళకు సత్రాలు, వారాల భోజనాలు ఉండేవి. ఇక్కడి సంగీత కళాశాలలో చదువుకునే రోజుల్లో ఘంటసాల మధూకరం ఎత్తి కడుపు నింపుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి లాంటి గురువు చేరదీయబట్టి ఆయన చదువు సాగింది. అలాంటి గురువు అందరికీ దొరకడుగా.

ఇప్పుడు వచ్చేవాళ్ళు వేరు. శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలో 2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయం, 2016లో ట్రిపుల్ ఐటీ వచ్చాయి. విజయనగరంలో 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలయ్యాయి. 2023 మేలో శంకుస్థాపన జరిగిన భోగాపురం విమానాశ్రయం పనులు ఇంజినీర్లను, మేస్త్రీలను రప్పించాయి. పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో కెమిస్టులు మూడు షిఫ్టుల్లో పనిచేస్తారు.

విద్యార్థుల్లో చాలామందిని కాలేజీ హాస్టళ్ళే చూసుకుంటాయి. అసలు ఇబ్బంది ఆపై వాళ్ళకు. గెస్ట్ లెక్చరర్, బ్యాంకు ప్రొబేషనర్, సైట్ ఇంజినీరు, ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన బీటెక్ కుర్రాడు, వీళ్ళెవరికీ ఏడాది తరవాత ఎక్కడుంటారో తెలియదు.

వీళ్ళకు ప్రస్తుతం దిక్కు ప్రైవేటు హాస్టళ్ళు, అద్దె వాటాలు, కర్రీ పాయింట్లు. మూడు షేరింగ్ గది ఎలా ఉంటుందో అందులో ఉన్నవాళ్ళకు తెలుసు. మూడు ఇనుప మంచాలు, ఒకటే ప్లగ్ పాయింటు, కిటికీ ఊచలకు ఆరేసిన తువ్వాళ్ళు, ఫోను ఛార్జింగుకు వంతులు. నైట్ షిఫ్టు దిగి పొద్దున్నే వచ్చినవాడు పడుకునే వేళకు పక్క మంచం మీదివాడు లైటు వేసి ఆఫీసుకు తయారవుతుంటాడు. లేచేసరికి మెస్‌లో భోజనాలు అయిపోయి ఉంటాయి. ఇక్కడ కావలసింది జిమ్ములూ, బీన్‌బ్యాగులూ కాదు. షిఫ్టును బట్టి గదుల పంపకం, ఏ వేళకు వచ్చినా ఇంత అన్నం, ఆడపిల్లలకు రాత్రిపూట వాచ్‌మన్ ఉన్న గేటు.

పెద్ద పేరున్నంత మాత్రాన నమ్మకం లేదు. 2016లో లండన్‌లో 500కు పైగా గదులతో కో-లివింగ్ భవనం తెరిచిన ‘ది కలెక్టివ్’ కంపెనీ 2021లో దివాలా బాట పట్టింది. మన ఊళ్ళకు పది, ఇరవై పడకల ఇళ్ళే నప్పుతాయి. పిల్లలు అమెరికా వెళ్ళిపోగా పై అంతస్తు ఖాళీగా ఉంచుకున్న పెద్దవాళ్ళు రెండు గదుల్లో సామాను వేయించి ఇచ్చినా చాలు.

పన్ను లెక్క కూడా కొంత తేలికైంది. 2024 జూన్ 22న జరిగిన 53వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశం హాస్టల్ వసతికి మినహాయింపు ఇవ్వాలని చెప్పింది. అద్దె మనిషికి నెలకు 20,000 రూపాయలు మించకూడదు, కనీసం 90 రోజులు వరసగా ఉండాలి. రెండు నెలల బసకు ఇది వర్తించదు కాబట్టి బిల్లులో పన్ను పడుతుందేమో ముందే అడగాలి.

గిరీశం కాలంలో అద్దెకున్నవాడు పూటకూళ్ళమ్మకు బాకీ పడ్డాడు. ఇప్పుడు చాలాచోట్ల తగవు తిరగబడింది, ఖాళీ చేసేటప్పుడు సున్నం ఖర్చనీ, కరెంటు బిల్లనీ అడ్వాన్సులో కోత పడుతోంది. అందుకే గదిలో దిగేముందు ఎన్ని రోజుల నోటీసివ్వాలో, అడ్వాన్సులో ఏమేం కోస్తారో కాగితం మీద రాయించుకోండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి.