వల, గాలము, ఊత

2023వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన కేంద్ర ప్రభుత్వమువారు ప్రారంభించిన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకములో 18 చేతివృత్తులు పేర్కొనబడినవి. కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, కంసాలి మొదలగు వారితోబాటు చేపల వల అల్లువానికిని అందులో చోటు దొరకినది. బుట్టలు, చాపలు అల్లువారు వేరొక పంక్తిలో చేరినారు. వల అల్లుట యొక పనితనమని సర్కారు కాగితమున వ్రాయబడుట సంతోషింపదగిన విషయమే. కాని ఆ కాగితమును చేతబట్టుకొని బెంగుళూరు నగరమునకు తూర్పున నున్న మహదేవపుర ప్రాంతమునకు బోయి, ఇచ్చట వల అల్లువారు ఎవరని విచారించినచో, ఆ వలను విసరుటకు నీరు ఎక్కడ నున్నదని ఎదురు ప్రశ్న వచ్చును. ఈ రెండు ప్రశ్నలును ఒకదానినుండి యొకటి విడదీయరానివని మా యభిప్రాయము.

మహదేవపుర మనగానే నేటి పాఠకులకు జ్ఞప్తికి వచ్చునవి అద్దాల మేడలు, కంప్యూటరు కచేరీలు, గంటలకొలది కదలని వాహనముల బారులు. ఆంధ్ర సీమనుండియు తెలంగాణమునుండియు ఉద్యోగార్థమై వచ్చిన మన యువకులు అచ్చట వేలకొలదిగా నున్నారు. వారికంటె ఎంతయో ముందునుండి అక్కడి పల్లెలలో తరతరములుగా తెలుగు మాటాడు కుటుంబములు కలవు. ఆ ప్రాత కాపురస్థులకు ఇది మేడల సీమ కాదు, చెఱువుల సీమ. బెళ్ళందూరు, వర్తూరు, హూడి, కుందలహళ్ళి, కైకొండ్రహళ్ళి, విభూతిపుర, మహదేవపుర: ఇవి ఊళ్ళ పేర్లును, చెఱువుల పేర్లును గూడ. జీవనది లేని మెట్టనేలలో వాననీటికి గట్టు వేసి నిలుపుకొనినారు. ఎగువ చెఱువు అలుగు పారిన దిగువ చెఱువు నిండును. బెళ్ళందూరు నీరు వర్తూరులోనికిని, అటనుండి దక్షిణ పినాకినిలోనికిని పోవును. విభూతిపురములోని 1307వ సంవత్సరపు శాసనము, అడవి కొట్టి, నేల చదును చేసి, చెఱువు కట్టించి ఊరు నిలిపిన క్రమమును తెలుపుచున్నది. అనగా ఇచ్చట ఊరికంటె చెఱువు చిన్నది కాదు.

ఇట్టి చెఱువులలో చేపలవేట సముద్రపు వేటవంటిది కాదు. మన తూర్పు తీరమున అలివి వలను ఒడ్డునుండి లాగుటకు పల్లెలోని వారందరును చేరవలెను. చెఱువు వేట ఒకరిద్దరి పని. పనిముట్టు భుజముమీద మోసుకొని పోదగినదై యుండవలెను. అంతియే కాదు; చెఱువు ఏడాది పొడుగున ఒకే తీరున నుండదు. వానకాలమున అలుగు పారునప్పుడు ఒక రూపము, నిండియున్నప్పుడు ఒక రూపము, వేసవిలో మోకాటిలోతు బురదనీరుగా మిగిలినప్పుడు ఇంకొక రూపము. ఒక్కొక్క రూపమునకు ఒక్కొక్క పనిముట్టు కలదు. ఈ సంగతి తెలియనివారికి వల, గాలము, ఊత, మావు అనునవి నాలుగు వస్తువులుగా కనబడును. తెలిసినవారికి అవి ఒక్క చెఱువు పంచాంగము.

విసురువలను మొదట చూతము. దీనిని నడిమినుండి మొదలుపెట్టి అంచువఱకు అల్లుదురు. కొనయందు కొన్ని కన్నులతో ప్రారంభించి, వరుస వరుసకు నియమముగా కన్నులు పెంచుకొనుచు పోయినగాని వల గొడుగువలె విచ్చుకొనదు. పెంపు ఎక్కువైనచో అంచు ముడుతలు పడును. తక్కువైనచో విసరినప్పుడు గుండ్రముగా పరచుకొనక సంచివలె మూసుకొనిపోవును. కన్ను కొలతకు వెదురుబద్ద, దారము చుట్టిన అల్లిక సూది, ఈ రెండే సాధనములు. ముడి మాత్రము సాలెవారు తెగిన పోగును కలుపు ముడివంటిదే. లాగినకొలది బిగియును. అంచున సీసపు గుండ్లు కట్టి, ఆ యంచును లోపలికి మడచి తిత్తులుగా కుట్టుదురు. వల నేలకు తాకిన తరువాత పైకి లాగునప్పుడు చేప ఆ తిత్తులలో చిక్కును. సీసము బరువు తక్కువైనచో వల మునుగులోపల చేప తప్పుకొనును. ఎక్కువైనచో విసరువాని భుజము సాయంకాలమునకు పనికిరాకుండ పోవును. ఏ బరువు చాలునో పుస్తకములో లేదు. విసరువాని ఒడ్డుపొడుగును బట్టి అల్లువాడు నిర్ణయించును. దర్జీ అంగరకాకు కొలత తీసికొన్నట్లే యనుకొనవచ్చును.

నూలు వలకును జనుపనార వలకును ప్రబలశత్రువు నీటిలోని క్రుళ్ళు. తడిసిన వలను ఆరవేయక కుప్పగా పడవైచినచో కొలది దినములలోనే పోగులు పిగులును. అందుచేత తుమ్మచెక్కనో తంగేడుచెక్కనో నీళ్ళలో మరగించి, ఆ కషాయమున వలను నానవైచి యెండబెట్టుచుండిరి. వంగదేశమున తుమికిజాతి కాయల రసము ఇందుకే వాడుదురు. తోలు పదునుచేయు పదార్థమే వలను గూడ కాపాడుచున్నదన్న మాట. ఈ పని ఒకసారి చేసి ఊరకుండుటకు వీలులేదు; రంగు వెలిసినప్పుడెల్ల మరల చేయవలెను. వేటలో గడచిన కాలముకంటె వల సంరక్షణలో గడచిన కాలమే యెక్కువగా నుండెడిదని చెప్పిన తప్పులేదు. ఆ శ్రమలో సగపాలు ఇంటి ఆడువారిది. ఈ పద్దు ఏ లెక్కలోనికిని రాలేదు.

ఊత మరింత చిత్రమైన వస్తువు. వెదురుబద్దలతో గంట ఆకారముగా అల్లిన అడుగు లేని బుట్ట యిది. పైన చేయి దూరునంత కంత యుండును. వేసవిలో నీరు తగ్గినప్పుడు మోకాటిలోతున నడచుచు, అడుగడుగునకు దీనిని బురదలోనికి ఒత్తుదురు. లోపల అలజడి తగిలినంతనే పై కంతనుండి చేయి పెట్టి కొఱమీనునో మార్పునో పట్టి తీయుదురు. బద్ద మొన బురదలో దిగునంత వాడిగాను, పట్టు చేతిని గీయనంత నునుపుగాను ఉండవలెను. మావు దీనికి తోబుట్టువు. తూము దిగువ కాలువలోను, వరిమళ్ళ గండ్లలోను దీనిని పెట్టుదురు. వాకిట బద్దలు లోపలి వైపునకు వాలి యుండును. చేప నీటితో లోనికి పోవును గాని తిరిగి రాలేదు. కాపలా అక్కరలేదు, ఎర అక్కరలేదు. నీటి పోకడయే పని చేయును.

గాలమునకు వచ్చుదము. ఇనుపతీగెను కాల్చి వంచి, మొన దగ్గర ఎదురుముల్లు తీసి, పదును పెట్టుట ఊరి కమ్మరి పని. వెదురు కర్ర, నారత్రాడు, జీలుగ బెండు, చిన్న సీసపు గుండు: ఇంతియే సామగ్రి. బెండు తేలికగా నున్నకొలది చేప తాకిడి చక్కగా తెలియును గనుక జీలుగకే మొదటి స్థానము. కొఱమీనుకు బ్రతికిన కప్పను ఎరగా కట్టి నీటిపై ఆడింతురు. ఎఱ్ఱని పిల్లల గుంపు నీటిపైకి వచ్చినచోట పెద్దచేప అడుగున కావలి యున్నదని వేటగానికి తెలియును. మన భాషకు ఈ పనిముట్లు చేసిన ఉపకారము తక్కువది కాదు. వల వేయుట, గాలము వేయుట, ఎర చూపుట అను మాటలు లేనిచో న్యాయస్థానములలో మావంటి వకీళ్ళు సగము వాదములు మానుకొనవలసినదే!

ఇది కేవలము బీదల పొట్టకూటి విద్య యని తలచువారికి ఒక మాట. క్రీస్తుశకము 1126 మొదలు 1138 వఱకు ఏలిన కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమను సంస్కృత గ్రంథమును రచించెను. అభిలషితార్థ చింతామణి యని దానికి మరియొక పేరు. నూరు అధ్యాయముల ఆ గ్రంథములో మత్స్యవినోదమను భాగము కలదు. సముద్రపు చేపలేవి, నదీజలములలోనివి ఏవి, పొలుసు గలవేవి, లేనివేవి, వానికి మేత యేమి, త్రాడు ఎట్టిది, కర్ర ఎట్టిది, గాలమును ఎట్లు వాడవలెను అని రాజు స్వయముగా వివరించినాడు. ఇంగ్లీషు చదువులలో మేము గౌరవముతో చదివిన ఐజాక్ వాల్టన్ గ్రంథము 1653లో వెలువడినది. సోమేశ్వరుడు అతనికంటె ఐదు వందల యేండ్లకు పైగా ముందువాడు. 1951లో సుందర్ లాల్ హోరా యను ప్రసిద్ధ మత్స్యశాస్త్రజ్ఞుడు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ఈ భాగమును గూర్చి వ్రాసెను. అయినను వాల్టన్ పేరు ఎరిగిన మన పట్టభద్రులలో సోమేశ్వరుని మత్స్యవినోదము ఎరిగినవారు ఎందరు?

మన వెదురుకును ఇదే గతి పట్టినది. 19వ శతాబ్దమున అమెరికాలో వెదురును బద్దలుగా చీల్చి, అతికి, సన్నని గాలపు కర్రలు చేయు విద్య వృద్ధిపొందినది. అందుకు వారు మొదట వాడినది కలకత్తా రేవునుండి వచ్చిన వెదురు. మన కొండలలో సాధన వెదురని పిలుచు గట్టి జాతియే అది. తరువాత చీనాదేశపు వెదురు దాని స్థానమును ఆక్రమించినది. మన కమ్మరి గాలమును ఇంగ్లండులోని రెడ్డిచ్ గాలములును, నార్వేలోని ముస్తాద్ యంత్రపు గాలములును వెనుకకు నెట్టినవి. ముడిసరకు మనది, పేరు పరులది. ఈ కథ నూలు బట్టలకు మాత్రమే చెల్లునని మనము అనుకొనుచుంటిమి.

అటుపిమ్మట నైలాను వచ్చినది. 1930 తరువాతి దశకమున అమెరికాలో పుట్టిన ఈ దారము, స్వాతంత్ర్యానంతరము మన వేటగాండ్ర చేతికి చేరినది. 1957లో కొచ్చిన్‌లో వెలసిన కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధనాలయమువారు కొత్త దారములను, వలలను పరీక్షించి ప్రచారము చేసినారు. నైలానును తిట్టుట మా యుద్దేశము కాదు. అది క్రుళ్ళదు, నీరు పీల్చి బరువెక్కదు, చెక్క కషాయము కోరదు. ఇంటి ఆడువారికి ఎంతటి విశ్రాంతి లభించినదో వారికే తెలియును. కాని యంత్రము అల్లిన వల గజములలెక్కన అంగడిలో దొరకినప్పుడు, అల్లువాడు చిరుగులు కుట్టువాడుగా మారినాడు. వాని బిడ్డకు కన్ను పెంచు లెక్క నేర్పవలసిన యక్కర లేకపోయినది. క్రుళ్ళదను గుణమే దోషముగాను పరిణమించినది: తెగి నీటిలో మిగిలిన నైలాను వల యజమాని లేకయే యేండ్లకొలది చేపలను చంపుచుండును. నూలు వలకు ఆ పాపము లేదు.

అయినను దారము మారినంతమాత్రమున విద్య పూర్తిగా చావదు. మహదేవపురమున నీరే చచ్చినది. నగరపు మురుగు బెళ్ళందూరులోనికి పారినది. 2015లో ఆ చెఱువుపై మంటలు లేచినవి. వర్తూరు నురుగు బాటమీదికి ఎగిరిపడినది. 2017 ఫిబ్రవరిలోను, 2018 జనవరిలోను మరల నిప్పంటుకొనగా, కడపటిసారి ఆర్పుటకు సైనికులు దిగవలసి వచ్చినది. నీరు కాలుచున్నచోట వలకు పని యేమి? నగరమధ్యమునందలి హలసూరు చెఱువులో 2016 మార్చిలో చచ్చిన చేపలు వేలకొలదిగా తేలినవి. మురుగునకు ఓర్చునవి తిలాపియా వంటి పరదేశపు చేపలు. 1952లో తిలాపియాను మన దేశమునకు తెచ్చినారు. కొఱమీను లేనిచోట ఊత యెందుకు? వరిమళ్ళు ఇళ్ళస్థలములైనచోట మావు ఎక్కడ పెట్టవలెను?

చట్టము ఈ విషయమున ఏమి చేసినది? 1897 నాటి మత్స్యశాసనము మందుగుండుతోను విషముతోను చేపలు చంపుటను నిషేధించి, వలల కొలతను, రకమును, వాడుకను నియమించుటకు ప్రభుత్వములకు అధికారమిచ్చినది. మైసూరు సంస్థానమువారు 1901లో వన్యమృగముల, చేపల సంరక్షణకై తమ శాసనమును తాము చేసికొనిరి. ఇవి మంచి శాసనములే. కాని చట్టము దృష్టిలో వల యనగా కన్ను కొలత మాత్రమే. దానిని అల్లిన చేయి యెన్నడును కనబడలేదు. చిన్నకన్ను వల వేసినవానిని శిక్షింపవచ్చును. చెఱువులోనికి మురుగు వదలి ఆ వలనే వ్యర్థము చేసినవారి సంగతి విచారణకు వచ్చుసరికి ఎన్ని సంవత్సరములు పట్టినదో బెళ్ళందూరు వ్యవహారము ఎరిగినవారికి చెప్పనక్కరలేదు.

విశ్వకర్మ పథకము క్రింద పనిముట్లకు 15,000 రూపాయలును, మొదట లక్ష, పిదప రెండు లక్షలు నూటికి ఐదు వడ్డీతో అప్పును ఇచ్చుచున్నారు. వల అల్లువానికి కావలసిన పనిముట్టు వెదురుబద్దయు సూదియు నని పైన చెప్పితిమి; వాని విలువ నాలుగు రూకలు. వానికి లేనివి బేరమును, నీరును. చేపల శాఖవారు చెఱువులను గుత్తకిచ్చునప్పుడు గుత్త సొమ్ము ఎంత వచ్చునని మాత్రమే చూడక, బెస్తవారి సహకార సంఘములకు మొదటి చోటునిచ్చి, విసురువలలను స్థానికముగా అల్లించి వాడవలెనని ఒక షరతు వ్రాయవచ్చును. పౌరులును నగరపాలకులును కలిసి బాగుచేసికొనిన కైకొండ్రహళ్ళి వంటి చెఱువులలో, చుట్టును నడకబాట వేసి కంచె కట్టుటతో సరిపెట్టక, వేసవిలో నీరు తగ్గిన కొలది దినములు ఊత వేటకు విడువవచ్చును. నడకకు వచ్చిన పెద్దమనుష్యులు మొదట ముక్కు మూసికొందురేమో. వారి పిల్లలు మాత్రము ఒడ్డున నిలిచి చూచెదరు. ఈలోగా కన్ను పెంచు లెక్కయు, ఎంత ఒడ్డుపొడుగునకు ఎంత సీసమన్న సంగతియు తెలిసిన వృద్ధులు ఎక్కడెక్కడ మిగిలియున్నారో కనుగొని, వారిచేత ఒక వలను మొదటి ముడినుండి కడపటి గుండు వఱకు అల్లించి, ఆ క్రమమును చిత్రములతోను, వారు వాడు మాటలతోను అచ్చువేయించుటకు విశ్వకర్మ పథకపు సొమ్ములో అత్యల్ప భాగము చాలును.