జున్ను పాల మీద మొదటి హక్కు ఎవరిది?

"ఈసారి ఊరెళ్తే జున్ను పాలు తెస్తావా?" అనే మెసేజ్ నాకు నెలకోసారైనా వస్తుంది. అమ్మమ్మ వాళ్ళింట్లో గేదెలున్నాయని హాస్టల్లో ఒక్కసారి నోరు జారాను, అంతే, నన్ను జున్ను సప్లయర్‌ని చేసేశారు. అడగడంలో తప్పేం లేదు. బెల్లం, మిరియాల పొడి, యాలకులు పడిన జున్నంటే నాకూ ప్రాణమే. కానీ ఆ పాలు గేదెకి ఎందుకు వస్తాయో, ఆ సీసా మన దాకా రాకముందు కొట్టంలో ఏం జరగాలో మనలో చాలామందికి తెలీదు. అది చెబుదామనే ఈ వ్యాసం.

ముందు కొంచెం బయాలజీ. మనుషుల్లో బిడ్డ కడుపులో ఉండగానే తల్లి రక్తం నుంచి యాంటీబాడీలు మాయ గుండా బిడ్డకి చేరతాయి. ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకల్లో అలా కుదరదు. వాటి మాయలో పొరలు ఎక్కువ కాబట్టి యాంటీబాడీలు దాటలేవు. అంటే దూడ దాదాపు ఏ రక్షణా లేకుండానే భూమ్మీద పడుతుంది. మన భాషలో చెప్పాలంటే, యాంటీవైరస్ లేని సిస్టమ్‌ని తెచ్చి నేరుగా నెట్‌కి కలిపినట్టు.

ఆ లోటు తీర్చేవే జున్ను పాలు. తల్లి తన యాంటీబాడీలన్నీ ఈ మొదటి పాలలో పెట్టి ఇస్తుంది. ఇక్కడో విచిత్రం ఉంది. జున్ను పాలని వేడి చేస్తే ఎందుకు గడ్డకడతాయి? వాటిలో మామూలు పాలకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ప్రోటీన్లు ఉంటాయి, వాటిలో పెద్ద భాగం ఈ యాంటీబాడీలే. మూడు నాలుగు రోజులయ్యాక జున్ను సరిగా గట్టిపడదని మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. అప్పటికి ఆ ప్రోటీన్లు తగ్గిపోయి పాలు మామూలు పాలైపోతాయి. అంటే మనం స్పూనుతో కోసుకుని తినే ఆ గట్టిదనమే దూడకి ప్రాణం.

ఇంకో సంగతి, దీనికి టైమ్ లిమిట్ ఉంది. పుట్టిన కొత్తలో దూడ పేగు ఈ యాంటీబాడీలని ముక్కలు చేయకుండా నేరుగా రక్తంలోకి తీసుకోగలదు. మొదటి ఆరు గంటల్లో ఈ శక్తి బాగా ఉంటుంది, తర్వాత గంటగంటకీ తగ్గుతూ 24 గంటలకి దాదాపు మూసుకుపోతుంది. రెండో రోజు బకెట్ నిండా పట్టించినా మొదటి రోజు నష్టం పూడదు. అందుకే దూడ బరువులో పదోవంతు జున్ను పాలు మొదటి రోజే పట్టాలని పశువైద్యులు చెబుతారు. 30 కిలోల దూడకి 3 లీటర్లు. ఒకేసారి కాదు, రెండు మూడు విడతల్లో. మొదటి విడత మాత్రం పుట్టిన గంటా రెండు గంటల్లోపే పడాలి.

చాలా ఊళ్ళలో ఇక్కడే చిక్కు వస్తుంది. మాయ పడేదాకా దూడకి పాలు తాగించకూడదని ఒక నమ్మకం. మొన్న సంక్రాంతి సెలవుల్లో అమ్మమ్మ వాళ్ళ గేదె ఈనినప్పుడు పక్కింటావిడ కూడా అదే అంది: "పిన్నీ, మాయ పడకుండానే తాగిస్తున్నావేంటి?" అమ్మమ్మ దూడ మూతిని పొదుగు దగ్గరికి తోస్తూనే, "మాయ దాని టైముకి అది పడుద్ది. దూడ ఆకలి ఆగుద్దా అమ్మాయ్!" అంది. అమ్మమ్మకి హార్మోన్ల పేర్లు తెలీవు గానీ లెక్క మాత్రం కరెక్టే. దూడ చీకినప్పుడు తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ విడుదలవుతుంది. పాలు చేపేది దానివల్లే, గర్భసంచి ముడుచుకునేదీ దానివల్లే. అంటే దూడ తాగితే మాయ పడటానికి సాయమే తప్ప అడ్డం కాదు.

మాయ మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లోపు పడుతుంది. ఆలస్యమైందని చేత్తో లాగడం, దానికి బరువులు కట్టడం ప్రమాదం. లోపల చిరిగి రక్తం పోవచ్చు, గర్భసంచికి చీము పట్టవచ్చు. పన్నెండు గంటలు దాటితే డాక్టర్ని పిలవడమే దారి.

దూడ పుట్టగానే చేయాల్సిన మిగతా పనులు సింపుల్. ముక్కు, నోటి దగ్గర జిగురు తుడవాలి. తల్లిని నాకనివ్వాలి, నాకకపోతే పొడి గోనె సంచితో ఒళ్ళు రుద్దాలి. బొడ్డు పచ్చిగా ఉన్నంతసేపు క్రిములకి అది తెరిచిన తలుపే. అందుకే టింక్చర్ అయోడిన్‌లో ముంచాలి. పేడ, బూడిద, మట్టి పెట్టకూడదు. బొడ్డు నుంచి పాకిన చీము కీళ్ళకి చేరితే దూడ మోకాళ్ళు వాచి లేవలేదు.

గేదె దూడలకి ఇంకో ప్రత్యేకమైన బెడద ఏలిక పాములు. వీటి పిల్లలు తల్లి పాల ద్వారానే దూడలోకి వస్తాయి. అలాగని పాలు ఆపకూడదు. పది, పదిహేను రోజుల వయసులో డాక్టర్ చెప్పిన మోతాదులో నట్టల మందు పట్టాలి. తెల్లగా పారుకుంటున్న దూడని చంపేది చాలాసార్లు క్రిమి కాదు, ఒంట్లో నీళ్ళూ ఉప్పూ పోవడం. కాబట్టి వైద్యం అందేలోపు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు పడుతూనే ఉండాలి.

తల్లినీ మర్చిపోకూడదు. బాగా పాలిచ్చే పశువు ఈనిన రెండు మూడు రోజుల్లో ఉన్నట్టుండి కూలబడి, మెడ పక్కకి తిప్పి డొక్కకి ఆనించిందంటే అది పాల జ్వరం. పేరులో జ్వరం ఉన్నా ఒళ్ళు చల్లబడుతుంది. రక్తంలోని కాల్షియం ఒక్కసారిగా పాలలోకి వెళ్ళిపోవడమే కారణం. డాక్టర్ నరంలోకి కాల్షియం నెమ్మదిగా ఎక్కిస్తే చాలా పశువులు కాసేపట్లోనే లేచి నిలబడతాయి. తొందరపడి వేగంగా ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు, కాబట్టి ఇది సొంత వైద్యం చేసే పని కాదు.

గొర్రెల సంగతీ చెప్పాలి. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణ మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్ రెండో స్థానం. గొర్రెపిల్ల రెండున్నర, మూడు కిలోలే ఉంటుంది, తడి ఒంటితో చలిగాలిలో ఉంటే గంటల్లో చల్లబడిపోతుంది. దానికి మొదటి రోజు కావాల్సింది పావు లీటరు పైచిలుకు జున్ను పాలు. తల్లి పిల్లని వాసనతో గుర్తుపడుతుంది కాబట్టి మొదటి గంటల్లో ఇద్దరినీ విడదీయకూడదు. చూడి గొర్రెకి ఈనే ముందు చిటుక రోగం టీకా వేయిస్తే, ఆ రక్షణ కూడా జున్ను పాలలోనే పిల్లకి చేరుతుంది.

ఇవన్నీ తెలిసినా దూడలు ఎందుకు చనిపోతున్నాయి? నాకర్థమైనంతవరకు చాలాసార్లు కారణం తెలియకపోవడం కాదు, లెక్క. లీటరు పాలకి రేటు ఉంది, దూడ తాగే లీటరుకి లేదు. అందులోనూ మగదూడైతే పొలం పనికి ట్రాక్టరొచ్చాక దాన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. "మగదే కదా" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. కానీ దూడ పోతే చాలా గేదెలు సరిగా చేపవు. ఆ ఈతలో పాలు తగ్గుతాయి. దూడ దగ్గర మిగిల్చిన మూడు లీటర్లు నెలల తరబడి పాలలో పోతాయి.

అయితే జున్ను తినొద్దా అంటే, నేనా మాట అనను. మంచి పాడి గేదె మొదటి రోజు దూడ తాగగలిగినదానికంటే ఎక్కువే ఇస్తుంది. దూడ కడుపు నిండాక మిగిలింది మనది. అడిగేటప్పుడు మాత్రం "దూడ తాగిందా?" అని కూడా అడగండి. మీ ఇంట్లోనో, చుట్టాలింట్లోనో పశువులుంటే 1962 నంబర్ ఫోన్లో సేవ్ చేయించండి. అది సంచార పశువైద్య సేవల టోల్ ఫ్రీ నంబర్. అర్ధరాత్రి గేదె ఈనేటప్పుడు యూట్యూబ్ వెతికే టైముండదు.