హిమనదం వెనక్కి... పడవలో పిల్లలు!

ఏడో తరగతి పిల్లల్ని బడివాళ్లు ఎక్కడికి తీసుకెళ్తారు? జూకో, డ్యామ్‌కో! ఐస్‌లాండ్‌ దక్షిణ తీర ప్రాంతంలో ఉన్న హ్వోల్స్‌వోలూర్‌ అనే చిన్న ఊళ్లో మాత్రం హిమనదాన్ని కొలవడానికి తీసుకెళ్తారు. కాట్లా అగ్నిపర్వతాన్ని కప్పేసిన మంచు నుంచి నాలుకలా కిందికి జారే ఆ హిమనదం పేరు సోల్‌హైమాయోకుల్‌. 2010లో మొదలైంది ఈ కొలత. ఏటా శరదృతువులో ఆ ఏటి ఏడో తరగతి వాళ్లు వెళ్లి, మంచు అంచు ఎంత వెనక్కి జరిగిందో లెక్కకట్టి వస్తారు. మొదటి పదేళ్లలోనే అది వందల మీటర్లు తగ్గిపోయింది.

తొలి బ్యాచ్‌ల వాళ్లు నడిచే వెళ్లారు. ఇప్పుడా వీల్లేదు. మధ్యలో పెద్ద మడుగు! హిమనదం అంటే కదలకుండా పడుండే మంచుగడ్డ కాదు. తన బరువుతో శతాబ్దాల తరబడి నేలను గీకుతూ కిందికి జారుతూనే ఉంటుంది. అది వెనక్కి తగ్గితే కింద తొలిచిన గుంత బయటపడి, కరిగిన నీళ్లతో నిండుతుంది. అందుకే పిల్లలిప్పుడు లైఫ్‌ జాకెట్లు వేసుకుని పడవెక్కుతున్నారు. పనిలో పనిగా మడుగు లోతూ కొలుస్తున్నారు. అక్క నడిచి వెళ్లిన పనికి తమ్ముడికి పడవ కావాల్సి వచ్చిందన్నమాట.

అదే తీరంలో ఇంకాస్త తూర్పుకి వెళ్తే మరో వింత. స్కైదరా నది మీద 1974లో 880 మీటర్ల వంతెన కట్టారు. దేశంలో అంత పొడవైనది మరోటి లేదు. దాన్ని కట్టడానికి ఇంజినీర్లు ఎంత తిప్పలు పడ్డారో! 2009కల్లా ఎగువన హిమనదం బాగా వెనక్కి తగ్గడంతో నీళ్లకు పడమటివైపు పల్లపు దారి దొరికింది. నది అటు మళ్లి పక్క నదిలో కలిసిపోయింది. వంతెన కింద మిగిలింది ఇసుకే. 2017లో, మిగిలిన చిన్న ఏరు మీద చిన్న వంతెన కట్టి రోడ్డును అటు మళ్లించారు. ఆ ఇసుక మేటల్లో ఎవరూ నాటకుండానే భూర్జ చెట్లు మొలిచి అడవిలా అల్లుకుంటున్నాయి.

అన్నిటికన్నా విచిత్రం హోఫ్న్‌ రేవుది. సముద్రం పొంగి ఊళ్లు మునుగుతాయని తీరప్రాంతాలన్నీ భయపడుతుంటే, ఇక్కడివాళ్ల బెంగ వేరు. వెనకనున్న వాట్నాయోకుల్‌ మంచు కరిగేకొద్దీ బరువు తగ్గి నేలే పైకి లేస్తోంది. ఏడాదికి ఒక సెంటీమీటరుకు పైనే. రేవు ముఖద్వారం దగ్గర అసలే లోతు తక్కువ. పెద్ద ఓడలు పోటు సమయం చూసుకుని లోపలికి రావాలి. నేల ఇలాగే లేస్తుంటే చేపల వేటే ఆధారమైన ఆ ఊరికి పడవలు వచ్చేదెలా అన్నదే హోఫ్న్‌ వాసుల దిగులు.