కరెంటు పోతే సోలారూ ఎందుకు ఆగుతుంది?

పట్టపగలు గాలివానకు తార్నాకలో కరెంటు పోయిందనుకోండి. డాబా మీద సోలార్ పలకలున్న ఇంట్లోనూ ఫ్యాను ఆగిపోవచ్చు. ఎందుకు?

మామూలు సోలార్ ఇన్వర్టర్ వీధి లైనుతో కలిసి పనిచేస్తుంది. లైనులో కరెంటు పోగానే అదీ ఆగుతుంది. లేదంటే ఇంటి కరెంటు తీగల్లోకి పారి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికే ముప్పు!

మరి ఎలా? బ్యాటరీ, హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉంటే ఇల్లు వీధి లైను నుంచి విడిపోయి సొంతంగా నడుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకాక విశాఖలో ఎన్నో ఇళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు పొదుపే ముఖ్యం. 9 వాట్ల బల్బులు మూడు, 30 వాట్ల ఫ్యాను ఒకటి కలిపితే 57 వాట్లు. ఇన్వర్టర్‌లో వృథా అయ్యేది పోను, ఒక యూనిట్ నిల్వతో ఇవి దాదాపు 15 గంటలు నడుస్తాయి.

తుపాను హెచ్చరిక వినగానే బ్యాటరీని పూర్తిగా చార్జ్ చేయాలి. వరద నీరు అందని ఎత్తులో దాన్ని ముందే బిగించుకోవాలి. మబ్బు పట్టినా పలకలు కొంత కరెంటు ఇస్తూనే ఉంటాయి.